గుంత ఎవరిదో తెలుసుకుని తిట్టండి: బెంగళూరులో ఉంటున్న మనవాళ్ళకి

ఆదివారం మధ్యాహ్నం మారతహళ్ళిలో ఏ ఆంధ్రా మెస్‌కి వెళ్ళినా సరే, ముద్దపప్పులో నెయ్యి కలుపుకునేలోపే పక్క టేబుల్లో రాజకీయం మొదలైపోయి ఉంటుంది. నేను అనంతపురం నుంచి ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళయింది, నేనూ ఆ టేబుల్లోనే కూర్చుంటా. మనవాళ్ళ కోపంలో తప్పు లేదు, రోజుకి మూడు గంటలు ట్రాఫిక్‌లో కూర్చునేవాడికి కోపం రాకపోతే ఎలా, కానీ ఆ కోపం సరైన గుమ్మం దాకా చేరట్లేదు, అదే నా బాధ. ఇంటి ముందు గుంతకి ప్రధానిని తిడతాం, జాతీయ రహదారి మీద టోల్‌కి ముఖ్యమంత్రిని తిడతాం, అసలు జవాబు చెప్పాల్సినవాడు మాత్రం హాయిగా ఫ్యాన్ కింద కూర్చుని ఉంటాడు. అందుకే ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది రాస్తున్నా, పనికొస్తే వాడుకోండి.

ఏ విషయమైనా అభిప్రాయం చెప్పే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి, దీని మీద సంతకం పెట్టేది ఎవరు? ఈ ఊళ్ళో ఇది అంత తేలిక కాదు. కాలనీ రోడ్డు, చెత్త, వీధి దీపాలు కార్పొరేషన్‌వి, 2025 సెప్టెంబర్ దాకా అది బిబిఎంపి, ఇప్పుడు గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు. కావేరి నీళ్ళు, డ్రైనేజీ జలమండలివి, కరెంటు బెస్కాంది, సిటీ బస్సు బిఎంటిసిది, ఇవన్నీ రాష్ట్రం కిందవే, పోలీసులు కూడా. హోసూరు రోడ్డు లాంటి జాతీయ రహదారి అయితే కేంద్రం దాకా వెళ్ళాలి. ఇంకో సంగతి, బిబిఎంపికి మనం చివరిసారి కార్పొరేటర్లని ఎన్నుకున్నది 2015లో, వాళ్ళ పదవీకాలం 2020 సెప్టెంబర్లో అయిపోయింది, ఆ తర్వాత బిబిఎంపి ఉన్నన్నాళ్ళూ ఆఫీసర్లే నడిపారు. ఐదేళ్ళు వార్డుకి మనిషి లేకుండా కోటి మంది పైన ఉన్న ఊరు నడిచిందంటే నాకు గుంతల కన్నా అదే పెద్ద తప్పనిపిస్తుంది, మెస్‌లో మాత్రం దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మెట్రో సంగతి చూడండి. 2025 ఫిబ్రవరిలో టికెట్ గరిష్ఠంగా 60 నుంచి 90 రూపాయలైంది, మా ఆఫీసులో సగం మంది కేంద్రాన్ని తిట్టారు, సగం మంది రాష్ట్రాన్ని తిట్టారు, పార్టీలు కూడా ఒకదాని మీద ఒకటి తోసుకున్నాయి. నిజానికి నమ్మ మెట్రో కంపెనీలో రెండు ప్రభుత్వాలకీ సగం సగం వాటా ఉంది, ఛార్జీ మార్చాలంటే రిటైర్డ్ జడ్జి అధ్యక్షతన కమిటీ వెయ్యాలి, అందులో కేంద్రం తరఫున ఒకరు, రాష్ట్రం తరఫున ఒకరు ఉంటారు, కమిటీ చెప్పినదానికి మెట్రో కట్టుబడాలి. అంటే ఇద్దరినీ అడగొచ్చు, ఏ ఒక్కరూ తప్పించుకోలేరు. పెట్రోలూ అంతే, ఎక్సైజ్ సుంకం కేంద్రానిది, అమ్మకం పన్ను రాష్ట్రానిది, 2024 జూన్‌లో కర్ణాటక పెంచింది, 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఎక్సైజ్ పెంచింది. మీకు నచ్చిన పార్టీ పెంచినప్పుడు కూడా మీకు కోపం వస్తోందా అని ఒకసారి చూసుకోండి, నేను చూసుకున్నా, మొదట్లో వచ్చేది కాదు.

సరే, గుమ్మం తెలిసింది, ఇప్పుడు తలుపు కొట్టాలి కదా. దానికి సమాచార హక్కు చట్టం కన్నా మంచి పనిముట్టు నాకు ఇంతవరకు దొరకలేదు, 2005లో వచ్చింది, పది రూపాయల ఫీజు. మా లేఔట్ రోడ్డు పైపుల కోసం తవ్వి ఏడు నెలలు అలాగే వదిలేశారు, వానాకాలంలో ఒక పెద్దావిడ స్కూటీ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మూడు ఆఫీసులు తిరిగాం, మాది కాదంటే మాది కాదన్నారు. అప్పుడు నేను అర్జీ పెట్టా, "రోడ్డు ఎందుకు వెయ్యలేదు" అని రాశా, అది సమాచారం కిందకి రాదని తిరిగొచ్చింది. వాళ్ళు చెప్పింది కరెక్టే, చట్టం ఇచ్చేది రికార్డులు, సంజాయిషీ కాదు. రెండోసారి ఇలా అడిగా: ఫలానా క్రాస్ రోడ్డు తవ్వడానికి ఇచ్చిన పర్మిషన్ కాపీ, తిరిగి వెయ్యడానికి కట్టించుకున్న డబ్బు ఎంత, రోడ్డు వెయ్యాల్సిన కాంట్రాక్టర్ పేరు, వర్క్ ఆర్డర్ కాపీ. ఇరవై ఆరో రోజు కాగితాలు వచ్చాయి, చూస్తే రోడ్డు వెయ్యడానికి డబ్బు ముందే కట్టేసి ఉంది! ఆ కాగితం పట్టుకుని అపార్ట్‌మెంట్ వాళ్ళం పదకొండు మందిమి ఇంజనీర్ గారి దగ్గరికి వెళ్ళాం, గొడవ చెయ్యలేదు, కాగితం టేబుల్ మీద పెట్టాం అంతే, మూడు వారాల్లో తారు పడింది.

మీరు రాసేటప్పుడు, కర్ణాటకలో ఒక అర్జీలో ఒకటే విషయం ఉండాలి, 150 పదాలు దాటకూడదు. తెలుగులో రాస్తే కుదరదు, కన్నడ, ఇంగ్లీషు లేదా హిందీ కావాలి, మా కింద ఫ్లోర్ కన్నడ మాస్టారు నాకు రాసిపెట్టారు, ఆయన పుణ్యమా అని ఆ ఆఫీసులో మర్యాద కూడా దొరికింది. మీకెందుకయ్యా ఈ వివరాలు అని అడిగే హక్కు వాళ్ళకి లేదు, కారణం చెప్పక్కర్లేదని చట్టంలోనే ఉంది. తప్పు ఆఫీసుకి పంపినా భయం లేదు, ఐదు రోజుల్లో అసలు ఆఫీసుకి వాళ్ళే పంపాలి, కాబట్టి గుమ్మం ఎవరిదో తేలకపోతే తేల్చుకోడానికి కూడా ఇదే దారి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్. కారణం లేకుండా ఆలస్యం చేసిన ఆఫీసర్‌కి రోజుకి 250 చొప్పున 25 వేల దాకా జరిమానా వెయ్యొచ్చు. పోస్టల్ రసీదు మాత్రం పారెయ్యకండి, అప్పీలుకి అదే ఆధారం.

విదేశీ వార్తలకి ఇంకొంచెం ఓపిక కావాలి. 2025 సెప్టెంబర్ 19న అమెరికాలో హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ సంతకం పెట్టాడు, ఇక్కడ శనివారం పొద్దునకి మన గ్రూపులన్నీ ఏడుపే. దసరాకి ఇంటికొచ్చిన మా పిన్ని కూతురు బ్యాగు కూడా పూర్తిగా విప్పలేదు, ఇరవై ఒకటో తారీఖు లోపు తిరిగెళ్ళిపోవాలని కంపెనీ మెయిలు, టికెట్లకి మామూలు కన్నా మూడింతలు పెట్టి ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తింది, పిన్ని వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడే వైట్ హౌస్ చెప్పింది, కొత్తగా పెట్టే పిటిషన్లకి ఒకసారి కట్టేదే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదని. అందుకే పెద్ద వార్త రాగానే మూడు చూడండి, ఎప్పటి నుంచి అమలు, ఎవరికి, సంతకం ఎవరిది. ఆ మూడూ తేలేదాకా ఫార్వర్డ్ చెయ్యకండి, మీ మెసేజ్ చదివేది ఊళ్ళో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలు.

నీళ్ళ విషయంలో మన మనసు రెండుగా చీలుతుంది, నాకు తెలుసు. తాగేది కావేరి, పుట్టిన ఊరి పొలం తడిసేది తుంగభద్ర కాలవతో. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇటువాళ్ళు అటువాళ్ళని తిట్టుకున్నారు, కానీ ఆ డ్యామ్ చూసుకునేది తుంగభద్ర బోర్డు, కేంద్రం వేసిన ఛైర్మన్, రాష్ట్రాల సభ్యులు అందరూ ఉంటారు. కొట్టుకుపోయిన గేటు చోట వారంలోనే స్టాప్‌లాగ్, అంటే నీళ్ళు ఆపే తాత్కాలిక గేటు, దింపించింది డ్యామ్ గేట్ల నిపుణుడు మన కన్నయ్య నాయుడు గారు, అది రెండు రాష్ట్రాల రైతులకీ సాయమే కదా.

ఇక ఓటు. ఊళ్ళో ఓటు ఉంచుకుని ఇక్కడి ఎమ్మెల్యేని అడిగితే ఆయన వినేది తక్కువ, ఇది చేదుగా ఉన్నా నిజం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బెంగళూరు సిటీలో సెంట్రల్, నార్త్, సౌత్ మూడింట్లోనూ పోలింగ్ 55 శాతం దాటలేదు. రెండు చోట్ల పేరు ఉండటం చట్టం ఒప్పుకోదు, కాబట్టి ఏదో ఒకటి తేల్చుకోండి, సొంతూరికి వెళ్ళే వెయ్యాలనుకుంటే అదీ గౌరవంగా వెయ్యండి, కానీ పిల్లల స్కూలు, ఉద్యోగం, ఇల్లు అన్నీ ఇక్కడే అయితే ఇక్కడికి మార్చుకోండి. కొత్త ఓటుకి ఫారం 6, ఊరి నుంచి మార్చుకోడానికి ఫారం 8, ఎన్నికల సంఘం యాప్‌లోనే పెట్టొచ్చు, డౌట్ ఉంటే 1950కి ఫోన్ చెయ్యండి. అద్దె ఇల్లయితే రిజిస్టర్ చేసిన రెంటల్ అగ్రిమెంట్ లేదా మీ పేరు మీద గ్యాస్ బిల్లు దగ్గర పెట్టుకోండి, బూత్ లెవెల్ ఆఫీసర్ చెక్ చెయ్యడానికి వస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. మా ఇంటికి ఆవిడ పొద్దున పదకొండుకి వచ్చింది, అందరం ఆఫీసులో ఉన్నాం, పక్కింటి అక్క చెప్పబట్టి సాయంత్రం మళ్ళీ వచ్చింది, అందుకని పక్కింటివాళ్ళకి కూడా ముందే చెప్పి పెట్టండి.