స్వాన్స్ తొలి ఆల్బమ్ ‘ఫిల్త్’ను వినడం ఎలా

న్యూయార్క్‌కు చెందిన స్వాన్స్ బృందం 1983లో విడుదల చేసిన ‘ఫిల్త్’ను మొదటిసారి వినేవారిలో చాలామంది రెండో పాట పూర్తికాకముందే ఆపేస్తారు. రాగం కోసం వెతికితే అది దొరకదు, పల్లవి కోసం ఎదురుచూస్తే అది రాదు, మిగిలేది ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ పడుతున్న చప్పుడు మాత్రమే. ఈ ఆల్బమ్‌ను లయగా, బరువుగా వినాలి. అలా వినడానికి చెవిని సిద్ధం చేసుకునే పద్ధతి ఒకటుంది.

ముందుగా వినే సాధనం సంగతి చూడాలి. ఈ బృందంలో మైకేల్ జీరా పాడుతూ బేస్ గిటార్ కూడా వాయించగా, హ్యారీ క్రాస్బీ మరో బేస్ పట్టుకున్నాడు. జోనాథన్ కేన్, రోలి మోసిమాన్ ఇద్దరూ డ్రమ్స్ మీద ఉన్నారు, గిటార్ మాత్రం నార్మన్ వెస్ట్‌బర్గ్ ఒక్కడిదే. అంటే ఆల్బమ్ భారమంతా కింది స్వరాల్లోనే ఉంది. ఫోన్‌కు ఉండే చిన్న స్పీకర్ సరిగ్గా ఆ భాగాన్నే మింగేసి, పైనున్న గీరుడును మాత్రం వినిపిస్తుంది కాబట్టి మంచి హెడ్‌ఫోన్స్ గానీ, బేస్‌ను సరిగా పలికించే పెద్ద స్పీకర్లు గానీ తప్పనిసరి. ఈక్వలైజర్‌లో (కింది, పై శబ్దాల పాళ్లను మార్చే సెట్టింగ్‌లో) బేస్ పెంచి ఉంటే దాన్ని తీసేయాలి, ఎందుకంటే ఇప్పటికే నిండుగా ఉన్న ఆ భాగాన్ని ఇంకా ఉబ్బిస్తే రెండు బేస్‌లూ కలిసి ముద్దయిపోతాయి.

వినిపించే కర్కశత్వం ఆల్బమ్‌దా, మీ స్పీకర్‌దా అన్నది కూడా ముందే తేల్చుకోవడం మంచిది. శబ్దాన్ని బాగా తగ్గించి ఒక నిమిషం వినండి. తగ్గించగానే గరగర మాయమైతే అది స్పీకర్ తట్టుకోలేక చేస్తున్న చప్పుడు, తగ్గించినా అలాగే ఉంటే అది రికార్డింగ్‌లో కావాలని పెట్టినది. ఇలాంటి సంగీతాన్ని చెవులు పగిలేలా వినాలని ఒక మూఢనమ్మకం ఉంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్, శబ్దం ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ సమయం సగానికి పడిపోతుంది. ‘ఫిల్త్’ బలం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో ఉంది, ఆ ఖాళీ మధ్యస్థమైన శబ్దంలోనే స్పష్టంగా తెలుస్తుంది.

ఇక అసలు వినడం. మొత్తం ఆల్బమ్‌ను ఒకేసారి పెట్టుకోకుండా, మొదటి పాట ‘స్టే హియర్’ను మాత్రం మూడుసార్లు వినండి. మొదటిసారి డ్రమ్స్‌ను మాత్రమే పట్టుకుని, చేత్తో మోకాలి మీద దెబ్బ వేస్తూ వెళ్లండి. రాక్ సంగీతానికి అలవాటుపడిన చెయ్యి సహజంగా ముందుకు ఉరుకుతుంది, కాని ఇక్కడ దెబ్బ మీరు అనుకున్నదానికంటే ఆలస్యంగా, ఎక్కువ బరువుతో పడుతుంది. ఆ ఆలస్యానికి చెయ్యి అలవాటుపడిందంటే సగం పని అయిపోయినట్లే. రెండోసారి బేస్‌ను వినండి: అది డ్రమ్స్‌ను నడిపించే బదులు, ప్రతి దెబ్బతోపాటు తానూ కింద పడుతుంది. మూడోసారి గిటార్ మీద దృష్టి పెడితే, వెస్ట్‌బర్గ్ వాద్యంలో సోలో అనదగినది ఏదీ లేదని, తీగలు గీసిన రేకులా అక్కడక్కడ వచ్చి తెగిపోతున్నాయని గమనిస్తారు. డ్రమ్స్‌తో కలిసి లోహం మీద కొట్టినట్టు వినిపించే చప్పుళ్లను కూడా గుర్తించగలిగితే ఆ శబ్దంలోని పొరలన్నీ విడివిడిగా మీ చేతికి వచ్చినట్లే.

జీరా గొంతును మాత్రం వీటన్నిటి తరువాత, చివరికి ఉంచండి, దానికి కారణం ఉంది. అతడు పాడడు, ఆజ్ఞాపిస్తున్నట్టు అరుస్తాడు. మాటలు చిన్న చిన్న వాక్యాలుగా ఉంటాయి, వాటి విషయం అధికారం, పని, లొంగిపోవడం, హింస. సాహిత్యాన్ని ముందే చదివితే చెవి అర్థం వెంట పరుగెత్తి లయను వదిలేస్తుంది కాబట్టి, దాన్ని రెండో విడతలో చదవడం మేలు. చదివేటప్పుడు మాట్లాడుతున్నది ఎవరన్నది ప్రతి పాటలోనూ అడగాలి: పెత్తనం చేసేవాడి గొంతా, దాని కింద నలిగేవాడి గొంతా అన్నది ఒక్కోసారి ఒకే పాటలో తారుమారవుతుంది. ఆ తారుమారే ఈ సాహిత్యంలో విలువైన భాగమని నా అభిప్రాయం. ఇలాంటి విషయాలు ఇబ్బంది పెట్టేవారు నిస్సంకోచంగా ఆపేయవచ్చు, ఓర్చుకుని వినడం అభిరుచికి పరీక్షేమీ కాదు.

ఆ తరువాత తొమ్మిది పాటలనూ వరుసగా వినండి, మొత్తం ముప్పావుగంటలోపే ముగుస్తుంది. మధ్యలో వచ్చే ‘ఫ్రీక్’ చాలా చిన్నది, అది వచ్చేసరికి కాస్త ఊపిరి అందుతుంది. జీరా సొంత లేబుల్ యంగ్ గాడ్ రికార్డ్స్ దీన్ని అదనపు రికార్డింగ్‌లతో మళ్లీ విడుదల చేసింది కాబట్టి, మీకు దొరికినది ఆ ప్రతి అయితే మొదటిసారి ‘గ్యాంగ్’ దగ్గర ఆపేయాలి. అసలు ఆల్బమ్ ముగిసేది అక్కడే.

ఈ శబ్దం ఏ పరిసరాల్లోంచి వచ్చిందో తెలిస్తే పోలిక సులువవుతుంది. 1970ల చివర మన్‌హట్టన్‌లో నో వేవ్ అనే ధోరణి రాక్ సంగీతపు మర్యాదలన్నిటినీ తోసిపుచ్చింది, ‘ఫిల్త్’ వెలువడిన న్యూట్రల్ రికార్డ్స్ వెనుక ఆ ధోరణికి చెందిన స్వరకర్త గ్లెన్ బ్రాంకా ఉన్నాడు. అదే లేబుల్ మీద అదే ఏడాది సోనిక్ యూత్ అనే మరో బృందం ఆల్బమ్ ‘కన్‌ఫ్యూజన్ ఈజ్ సెక్స్’ కూడా వచ్చింది. ఆ రెండింటినీ వెంటవెంటనే వింటే, సోనిక్ యూత్ గిటార్ శ్రుతులను మార్చి గందరగోళాన్ని సృష్టించగా, స్వాన్స్ శ్రుతినే దాదాపు పక్కనపెట్టి బరువును సృష్టించారని చెవికే తెలుస్తుంది.

తరువాత ఏం వినాలన్న ప్రశ్నకు కొందరు స్వాన్స్ వారిదే అయిన 1987 నాటి ‘చిల్డ్రన్ ఆఫ్ గాడ్’ను సూచిస్తారు. అందులో గాయని జార్బో గొంతు, స్పష్టమైన రాగాలు ఉన్నాయి కాబట్టి అది నిజంగానే సులువు. అయినా నేను ముందు 1984 నాటి ‘కాప్’ వైపు పంపుతాను, ఎందుకంటే అది ‘ఫిల్త్’ కంటే మరింత నెమ్మదైనది, మోకాలి మీద నేర్చుకున్న ఆ ఆలస్యపు దెబ్బ అక్కడ వెంటనే పనికొస్తుంది.