జీఆర్‌ఈ వెర్బల్ కోసం ఇంగ్లీష్ చదవడం, పదాలు నేర్చుకోవడం ఎలా?

విదేశాల్లో ఎమ్మెస్ చేయాలనో పీహెచ్‌డీ చేయాలనో జీఆర్‌ఈకి సిద్ధమయ్యేవాళ్లలో చాలామందికి లెక్కల గురించి అంత దిగులుండదు. బెంగంతా వెర్బల్, అంటే ఇంగ్లీష్ భాగం మీదే. ఆ బెంగలో చేసే మొదటి పని, ఎక్కడో దొరికిన పదాల జాబితా ఒకటి ముందేసుకుని అక్షరక్రమంలో బట్టీ పట్టడం. 'ఎ'తో మొదలయ్యే పదాలు అందరికీ వస్తాయి. 'డి' దాటేసరికి ఓపిక అయిపోతుంది.

ఆ పద్ధతి మానేయమనే చెబుతాను. పదాలు అక్కర్లేదని కాదు. చదవడం వేరు, పదాలు వేరు అనుకుని రెంటినీ విడదీయడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఈ పరీక్ష ఏ పదానికీ విడిగా అర్థం అడగదు. వాక్యంలో ఆ పదం ఏం పని చేస్తోందో పట్టుకోమంటుంది. సాధన కూడా అలాగే సాగాలి.

ముందు పరీక్ష సంగతి తెలుసుకోండి

2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈ చిన్నదైంది. ఇప్పుడు మొత్తం 1 గంట 58 నిమిషాలే. అందులో వెర్బల్‌కు రెండు సెక్షన్లు: మొదటిదానిలో 18 నిమిషాలకు 12 ప్రశ్నలు, రెండోదానిలో 23 నిమిషాలకు 15 ప్రశ్నలు. స్కోరు 130 నుంచి 170 దాకా ఉంటుంది. మొదటి సెక్షన్ ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి రెండోది ఎంత కష్టంగా వస్తుందో తేలుతుంది.

ప్రశ్నలు మూడు రకాలు. టెక్స్ట్ కంప్లీషన్‌లో ఒకటి నుంచి మూడు ఖాళీలు ఉంటాయి. మూడింట్లో రెండు సరిగ్గా నింపి ఒకటి తప్పినా ఆ ప్రశ్న పోయినట్టే. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఒకే ఖాళీ, ఆరు పదాలు. వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండు పదాలు వాటిలోంచి ఎంచుకోవాలి. మూడోది రీడింగ్ కాంప్రహెన్షన్: ఒక పాసేజీ, అంటే చిన్న వ్యాసభాగం చదివి దాని మీద ప్రశ్నలకు జవాబివ్వాలి. వ్యతిరేకార్థాలు చెప్పమనే ప్రశ్నల్ని, పదాల జంటల మధ్య పోలిక పట్టే ప్రశ్నల్ని 2011లోనే తీసేశారు. అయినా వాటి కోసం తయారైన పాత జాబితాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. మీ దగ్గరున్నది ఏ కాలం నాటిదో చూసుకోండి.

పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ పవర్‌ప్రెప్ పేరుతో తన వెబ్‌సైట్‌లో నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తోంది. సాధన మొదలుపెట్టకముందే ఒకటి రాయండి. స్కోరు చూసి కుంగిపోవద్దు, పొంగిపోవద్దు. ఒక్కో తప్పు పక్కన కారణం రాయండి: పదం తెలియలేదా, పదాలన్నీ తెలిసినా వాక్యం అర్థం కాలేదా, సమయం చాలలేదా? చాలామంది మొదటి కారణమే ఎక్కువగా ఉంటుందనుకుంటారు. తీరా రాసి చూస్తే రెండోదే ఎక్కువ తేలుతుంటుంది.

రోజూ ఏం చదవాలి, ఎలా చదవాలి

పరీక్షలో వచ్చే పాసేజీలు భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, సామాజిక శాస్త్రాలు, వ్యాపారం, కళలు, సాహిత్యం ఇలా రకరకాల రంగాల నుంచి ఉంటాయి. ఇంజనీరింగ్ చదివినవాళ్లు బ్లాక్ హోల్స్ గురించి ఇస్తే హాయిగా చదివేస్తారు, పాత నవలల మీద సాహిత్య విమర్శ ఇస్తే తడబడతారు. అందుకే మీకు ఏ విషయం విసుగనిపిస్తుందో దాన్నే ఎక్కువగా చదవండి.

వార్తలు చదివితే సరిపోదు. వార్త ఏం జరిగిందో చెబుతుంది. పరీక్షలో వచ్చే పాసేజీ వాదిస్తుంది: ఒకరు అన్నదాన్ని ఇంకొకరు కాదంటారు, మూడోవారు వచ్చి ఇద్దరిలోనూ సగం సగం నిజముందంటారు. అలా వాదన నడిపే వ్యాసాలు కావాలి. సైంటిఫిక్ అమెరికన్, ది ఎకానమిస్ట్, ఏయాన్ లాంటి పత్రికలు పనికొస్తాయి. ఏయాన్ వ్యాసాలకు డబ్బు కట్టనక్కర్లేదు.

రోజుకు ఒక వ్యాసం చాలు. మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోవద్దు. ప్రతి పేరా అయ్యాక తల పైకెత్తి, ఆ పేరా ఏం చేసిందో ఒక్క వాక్యంలో తెలుగులో చెప్పుకోండి. ఏం చెప్పిందో కాదు, ఏం చేసిందో. పాత అభిప్రాయాన్ని పరిచయం చేసిందా? దాన్ని తోసిపుచ్చిందా? ఉదాహరణ ఇచ్చిందా? తను ముందు అన్న మాటకు తనే హద్దు గీసిందా? వివరాలు మర్చిపోయినా పర్వాలేదు, పాసేజీ ఎలాగూ కళ్లెదుటే ఉంటుంది. వాదన ఎక్కడ మలుపు తిరిగిందో మాత్రం మర్చిపోకూడదు. ఆ మలుపుల్ని చూపించే మాటలు కొన్ని ఉన్నాయి: హౌఎవర్, యెట్, నెవర్‌దలెస్, ఆల్దో, ఫార్ ఫ్రమ్, ఎనీథింగ్ బట్. చదివేటప్పుడు వీటి కింద గీత గీయండి. కొన్నాళ్లకు గీయకుండానే కన్ను అక్కడ ఆగుతుంది.

పొడవాటి వాక్యాల దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మన వాక్యంలో క్రియ చివరన వస్తుంది, దానికోసం ఎదురుచూడటం మనకు అలవాటు. ఇంగ్లీష్ వాక్యంలో కర్త మొదట్లో వచ్చి, రెండు కామాల మధ్య రెండు లైన్ల వివరణ దూరి, ఆ తర్వాతెక్కడో అసలు క్రియ వస్తుంది. మధ్యలోని వివరణలో ఉన్న క్రియను పట్టుకుని అదే అసలుదనుకుంటే వాక్యమంతా తారుమారవుతుంది. కాబట్టి కామాల మధ్య ఉన్న ముక్కను వేలితో కప్పి ఒకసారి చదవండి. ఎవరు, ఏం చేశారు అన్నది తేలాక వేలు తీసి పూర్తి వాక్యం చదవండి. ఈ ఒక్క అలవాటుతో అర్థం కాని వాక్యాలు సగానికి సగం తగ్గడం చాలామంది విషయంలో చూశాను.

జవాబుకు రుజువు పాసేజీలోనే వెతకండి

ఒక చిన్న నమూనా చూద్దాం. అసలు పరీక్షలో ఇది ఇంగ్లీష్‌లో ఉంటుంది. మనకు కావాల్సింది వాదన నడక కాబట్టి తెలుగులోనే చెబుతాను.

"వలసపక్షులు సూర్యుణ్ణి బట్టి దిక్కు తెలుసుకుంటాయని పరిశోధకులు భావించారు. అయితే మబ్బు కమ్మిన రోజుల్లోనూ కొన్ని జాతులు దారి తప్పడం లేదు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని అవి పసిగట్టగలగడం దీనికి కారణం కావచ్చు. కానీ అంతమాత్రాన సూర్యుడి పాత్రే లేదనడం తొందరపాటు."

ఈ రచయిత కింది వాటిలో దేన్ని ఒప్పుకుంటారు?

మొదటి జవాబు: పక్షులు దిక్కు కోసం అయస్కాంత క్షేత్రం మీదే ఆధారపడతాయి. 'మీదే' అన్న మాట దగ్గర ఇది చెడింది, రచయిత అంత గట్టిగా అనలేదు. రెండోది: సూర్యుడి వల్ల పక్షులకు ఉపయోగం లేదు. చివరి వాక్యం దీన్ని నేరుగా కాదంటోంది. మూడోది: మబ్బు పట్టిన రోజుల్లో పక్షులు తక్కువ దూరం ఎగురుతాయి. నిజమే అయ్యుండొచ్చనిపిస్తుంది, కానీ పాసేజీలో దాని ఊసే లేదు. నాలుగోది: పక్షులు దిక్కు తెలుసుకోవడానికి ఒకటికి మించిన ఆధారాలు ఉండొచ్చు. సరైనది ఇదే. చూడండి, ఎంత సాదాగా ఉందో! సరైన జవాబు చాలాసార్లు ఇలా మెత్తగా, ఆకర్షణ లేకుండానే ఉంటుంది. ఓన్లీ, ఆల్వేస్, నెవర్ లాంటి గట్టి మాటలు కనబడితే పాసేజీ కూడా అంతే గట్టిగా అందేమో సరిచూసుకోవాలి.

సాధనలో మీరు ఎంచుకున్న ప్రతి జవాబుకూ పాసేజీలో ఏ వాక్యం రుజువో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే జవాబు సరైనదే అయినా దాన్ని తప్పు కిందే లెక్కేసుకోండి.

కొన్ని ప్రశ్నల్లో మూడు వాక్యాలిచ్చి సరైనవన్నీ గుర్తించమంటారు. ఒకటే సరి కావచ్చు, మూడూ కావచ్చు. వాటిని ఒకదానితో ఒకటి పోల్చకుండా, ఒక్కోదాన్నీ విడి ప్రశ్నలా తీసుకుని అవునో కాదో తేల్చండి.

పదాలను వాక్యంతో సహా దాచుకోండి

వ్యాసం రెండోసారి చదివేటప్పుడు డిక్షనరీ తెరవండి. తెలియని పదాలన్నీ రాసుకోవద్దు. ఆరో ఏడో చాలు. ఒక జంతువు పేరో పనిముట్టు పేరో తెలియకపోతే వదిలేయండి, పరీక్షకు వాటితో పనిలేదు. మనుషుల తీరును, వాదనల తీరును వర్ణించే పదాలు ముఖ్యం. డిక్షనరీల్లో కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. నిర్వచనాలు తేలిక మాటల్లో ఉంటాయి, ఉదాహరణ వాక్యాలు కూడా ఇస్తారు.

ఒక్కో పదానికి ఒక్కో కార్డు. ముందువైపు పదం ఒక్కటే రాయకుండా, అది మీకు దొరికిన వాక్యం మొత్తం రాయండి. వెనకవైపు అర్థం, దాని చుట్టాలు, అది మెచ్చుకోలు మాటో తెగడ్త మాటో రాయండి. చుట్టాలంటే ఇలా: మాట్లాడే తీరుకు సంబంధించి లకానిక్, టెర్స్, టాసిటర్న్ (తక్కువ మాటలు) ఒక వైపు, లొక్వేషస్, గ్యారలస్, వొలబుల్ (ఎక్కువ మాటలు) ఇంకో వైపు. గ్యారలస్ అంటే ఎక్కువగా మాట్లాడటమే కాదు, పనికిరాని విషయాల మీద వాగడం. అందులో చిరాకు ఉంది. ఆ తేడా కార్డు మీద లేకపోతే పరీక్షలో కూడా తట్టదు.

అసలు ప్రమాదం కొత్త పదాలతో కంటే, తెలుసనుకున్న పదాలతోనే ఎక్కువ. క్వాలిఫై అంటే అర్హత సాధించడమని అందరికీ తెలుసు. వాదనల్లో దానికి ఇంకో అర్థం ఉంది: అన్న మాటకు హద్దు పెట్టి మెత్తబరచడం. టెంపర్ అంటే కోపమే కాదు, తీవ్రత తగ్గించడం కూడా. అరెస్ట్ అంటే ఎదుగుదలను ఆపేయడం, ఫ్లాగ్ అంటే నీరసించడం, వాంటింగ్ అంటే కొరత ఉండటం. శాంక్షన్ అయితే ఒకచోట అనుమతి, ఇంకోచోట ఆంక్ష. ఇలాంటి చిన్న చిన్న పదాలు కనబడితే మనం ఆగం, ఆగకపోవడం వల్లే తప్పు చేస్తాం. తెలిసిన పదమే ఉన్నా వాక్యం పొసగడం లేదనిపిస్తే, ఆ పదాన్ని డిక్షనరీలో కింది అర్థాల దాకా చదవండి. వీటికి విడిగా ఒక కార్డుల కట్ట పెట్టుకోవడం మంచిది.

పదాల మూలాలు తెలిస్తే కొంత సాయం. 'లొక్' అంటే మాట అని తెలిస్తే లొక్వేషస్, ఎలొక్వెంట్, కలోక్వియల్, సొలిలొక్వీ ఒకే కుటుంబంగా గుర్తుంటాయి. కానీ మూలాన్ని బట్టి అర్థం ఊహించి జవాబు పెట్టేయకండి. ఎనర్వేట్ చూడటానికి ఎనర్జీలా ఉంటుంది, అర్థం మాత్రం సత్తువ లాగేయడం.

మరచిపోకముందే మళ్లీ చూడండి

నేర్చుకున్నది ఎంత త్వరగా మరుస్తామో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. మొదట్లోనే ఎక్కువగా మరచిపోతాం, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి కార్డును మర్నాడు, మూడు రోజులకు, వారానికి, రెండు వారాలకు ఇలా దూరం పెంచుకుంటూ చూడాలి. అంకీ అనే యాప్ ఈ లెక్కంతా తనే చూసుకుంటుంది. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అది ఉచితం. రోజూ పాత కార్డులు అయ్యాకే కొత్తవి ముట్టుకోండి.

ఖాళీల ప్రశ్నలు చేసే వరస

ముందు ఇచ్చిన పదాల వైపు చూడకండి. వాక్యం చదివి ఖాళీలో మీ సొంత మాట పెట్టండి, తెలుగు మాటైనా సరే. తర్వాత దానికి సరిపోయేది వెతకండి.

ఉదాహరణకు: "మామూలుగా ముభావంగా ఉండే ఆ శాస్త్రవేత్త, తన పరిశోధన ప్రస్తావన వస్తే మాత్రం ఆశ్చర్యపోయేంత ______." 'మాత్రం' దగ్గర మలుపు ఉంది కాబట్టి ఖాళీలో రావాల్సింది ముభావానికి ఎదురు మాట. మన మాట 'వాగుడుకాయ' అనుకుందాం. ఇచ్చిన పదాలు: లకానిక్, లొక్వేషస్, ఎలొక్వెంట్, టెర్స్, క్యాండిడ్, వొలబుల్. లొక్వేషస్, వొలబుల్ సరైనవి. అదే వాక్యం సరిగా చదవకుండా ఒకే అర్థమున్న జంట కోసం వెతికితే లకానిక్, టెర్స్ జంట చేతికి చిక్కుతుంది. ఆ వల కావాలనే వేసి ఉంచుతారు. ఎలొక్వెంట్ (చక్కగా, ఆకట్టుకునేలా మాట్లాడే) వాక్యంలో ఇముడుతుంది, కానీ దానికి జోడీ లేదు.

తప్పుల పుస్తకం, గడియారం

ప్రశ్నలు చేయడానికి పట్టినంత సమయం వాటిని వెనక్కి తిరిగి చూడటానికీ పెట్టండి. ఒక నోటుబుక్కులో ప్రతి తప్పుకూ రెండు సంగతులు రాయండి: సరైన జవాబును రుజువు చేసే వాక్యం ఏది, తప్పు జవాబు నాకెందుకు నచ్చింది. రెండోది నిజాయితీగా రాస్తే నెలలోపే మీ బలహీనత మీకే కనబడుతుంది. కొందరు ప్రతిసారీ గట్టి మాటలకు పడిపోతారు, కొందరు తమకు ముందే తెలిసిన విషయాన్ని పాసేజీలోకి ఎక్కిస్తారు. గుడ్డిగా పెట్టగా సరిపోయినవి కూడా ఇందులోకే రావాలి.

గడియారాన్ని మొదట్లోనే తీసుకురాకండి. సరిగ్గా చదవడం కుదిరాక సమయం పెట్టుకోండి. సగటున ప్రశ్నకు నిమిషంన్నర దొరుకుతుంది. ఖాళీల ప్రశ్నలను నిమిషంలోపు ముగిస్తే మిగిలింది పాసేజీలకు వాడుకోవచ్చు.

మిగిలిన పవర్‌ప్రెప్ పరీక్షలను చివరి వారాల కోసం దాచుకోండి. ఫోన్ పక్కన పెట్టి, మధ్యలో లేవకుండా, అసలు పరీక్ష ఏ పూట ఉందో ఆ పూటే రాయండి. తప్పుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు. తేలని ప్రశ్నకు అప్పటికి తోచిన జవాబు పెట్టి, మార్క్ బటన్ నొక్కి ముందుకు వెళ్లండి. సమయం మిగిలితే రివ్యూ స్క్రీన్ నుంచి నేరుగా దాని దగ్గరికే రావచ్చు, కానీ ఆ సెక్షన్ ముగిసేలోపే.