ఎల్‌సీ ఉన్నా షాక్ ఎందుకు కొడుతుంది? లైన్ సిబ్బందికి సమస్య – పరిష్కారం

కర్నూలు, అనంతపురం, కడప వైపు స్తంభాలెక్కే లైన్‌మన్లకు, జేఎల్‌ఎంలకు (జూనియర్ లైన్‌మన్లకు), సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్లకు, వాళ్లకు పని చెప్పే ఏఈలకు (అసిస్టెంట్ ఇంజినీర్లకు) పనికొస్తుందని రాస్తున్నాను. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్: కరెంటు ఆపాం, లైను మీద పని చేయొచ్చు అని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. మన దగ్గర కరెంటు ఇచ్చేది డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ. చిత్తూరు జిల్లా కుప్పంలో అయితే రెస్కో అనే సహకార సంఘం. బోర్డు మీద పేరేదైనా పైనున్న 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ అందరికీ ఒకటే.

ప్రమాదం జరిగితే రిపోర్టులో "నిర్లక్ష్యం" అని రాసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ మాటతో తర్వాతి ప్రమాదం ఆగదు. తొందర పెట్టింది ఎవరు, నిద్ర లేకుండా ఎక్కించింది ఎవరు, స్విచ్‌లో ఏ బ్లేడు ఊడలేదు అని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఎల్‌సీ తీసుకున్నాం, అయినా లైన్లో కరెంటు ఉంది

ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

మొదటి కారణం ఫోన్ ఎల్‌సీ. "ఆపినాలే అన్నా, ఎక్కు" అంటాడు ఆపరేటర్. ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను) ఆపాడు? ఊరి ఫీడరా, వ్యవసాయ ఫీడరా? చాలాచోట్ల ఈ రెండూ కొంతదూరం ఒకే స్తంభాల మీద పోతాయి. పైన చేయి పెట్టేవాడు ఒకటి అనుకుంటాడు, కింద బ్రేకర్ తీసినవాడు ఇంకొకటి అనుకుంటాడు. ఫోన్ తప్పనిసరైతే ఫీడర్ పేరు, పని జరిగే చోటు, ఎల్‌సీ నంబరు, టైము ఆపరేటర్ చదవాలి, తీసుకునేవాడు తిరిగి చెప్పాలి, ఇద్దరూ రాసుకోవాలి. "సరే సరే" అంటే ఎల్‌సీ ఇచ్చినట్టు కాదు. బ్రేకర్ ట్రక్కు (బ్రేకర్ ఉండే చక్రాల బండి) బయటికి లాగి, తాళం వేసి, మనుషులు పని చేస్తున్నారని బోర్డు తగిలించాలి.

ఒకే ఫీడర్ మీద రెండు గ్యాంగులు దిగిన రోజు ఇంకా జాగ్రత్త. ఒక గ్యాంగ్ పని ముగించి "మేం దిగినాం, ఇచ్చేయ్" అంటుంది. రెండో గ్యాంగ్ మనిషి ఇంకా పైనే ఉంటాడు. గ్యాంగుకో ఎల్‌సీ ఉండాలి. అన్నీ తిరిగొచ్చాకే లైను చార్జ్ చేయాలి, అంటే కరెంటు వదలాలి. ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగివ్వాలి. పక్కనున్న వాళ్ల మాట, సర్పంచ్ మాట చెల్లవు.

రెండో కారణం ఏబీ స్విచ్, అంటే స్తంభం మీద ఉండి కింది హ్యాండిల్‌తో లైనును తెరిచే స్విచ్. హ్యాండిల్ కిందికొచ్చింది, తాళం కూడా వేశారు. కానీ పైపు వంగిపోయి, బుష్ తుప్పు పట్టి, నడిమి ఫేజు బ్లేడు కాంటాక్టులోంచి ఊడి రాలేదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడికి ఎదురుగా కింద నిలబడి చూస్తే మూడు బ్లేడ్లూ ఒకదాని మీద ఒకటి పడి అన్నీ తెరుచుకున్నట్టే కనిపిస్తాయి. అందుకే ఎండ వీపు మీద పడేలా పక్కకు జరిగి, మూడింటినీ విడివిడిగా చూడాలి. ఒక్కటి అతుక్కుని ఉన్నా ఆ స్విచ్‌ను నమ్మొద్దు, కర్రతో కదిలించే ప్రయత్నమూ వద్దు. సబ్‌స్టేషన్ నుంచి ఫీడర్ ఎల్‌సీ తీసుకుని, ముందు స్విచ్ బాగు చేయించండి.

మూడోది, చాలామంది నమ్మనిది, వెనక నుంచి వచ్చే కరెంటు. ఫంక్షన్ హాల్లో పెళ్లి జరుగుతోంది. చేంజోవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కలిసిపోకుండా చూసేది) లేకుండా జనరేటర్ వైర్లు నేరుగా మెయిన్‌కు కలిపారు. ఆ 415 వోల్టులు ఎల్‌టీ లైన్లోకి (ఇళ్లకు పోయే తక్కువ వోల్టేజీ లైన్లోకి), అక్కణ్నుంచి ట్రాన్స్‌ఫార్మర్లోకి పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనకా తెలియదు కదా, 11 కేవీ వైపు 11 వేల వోల్టులు తయారుచేసి పెడుతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీసే ఉంటుంది, స్తంభం మీద మనిషి పోతాడు. ఇంటి మీద సోలార్ పెట్టుకునేవాళ్లు కూడా ఇప్పుడు పెరిగారు. గ్రిడ్ పోగానే ఆగిపోయే ఏర్పాటు సోలార్ ఇన్వర్టర్లలో ఉంటుంది. కానీ బ్యాటరీ కలిపి, వైరింగ్ ఇష్టమొచ్చినట్టు మార్చిన ఇంటి మీద ఆ భరోసా పెట్టుకోలేం.

రాయలసీమలో దీనికి ఇంకో రూపం ఉంది. ఒక ఫేజు పోయినా బోరు ఆగకూడదని కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీద మోటార్ నడుపుతారు. తిరుగుతున్న ఆ త్రీ ఫేజ్ మోటార్ పోయిన ఫేజు తీగలోకి వోల్టేజీ పంపుతుంది. "ఆ ఒక్క ఫేజు హెచ్‌జీ ఫ్యూజ్ తీసినా కదా, ఏంగాదు" అని చేయి పెట్టినవాడికి షాక్ కొట్టేది అందుకే. హెచ్‌జీ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ వైపు ఉండే ఫ్యూజ్. ఒక్క ఫ్యూజు తీసి పని చేయడమనేది లేదు. మూడు ఫేజులూ తెరవాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎక్కేముందు ఎల్‌టీ వైపు ఫ్యూజులు కూడా లాగేయాలి.

వీటన్నిటికీ మందు ఒకటే వరుస: తెరవడం, తాళం వేయడం, పరీక్షించడం, ఎర్త్ చేయడం, ఆ తర్వాతే చేయి పెట్టడం. టెస్టర్‌ను ముందు కరెంటున్న లైను మీద చూడాలి, తర్వాత మన లైను మీద, మళ్లీ కరెంటున్న లైను మీద. బ్యాటరీ అయిపోయిన టెస్టర్‌కు ప్రతి లైనూ ఆఫ్‌లో ఉన్నట్టే కదా. ఇక డిశ్చార్జ్ రాడ్డు, అంటే లైనును భూమికి కలిపి ఎర్త్ చేసే కడ్డీ. పని చేసే చోటికి రెండు వైపులా, మూడు ఫేజులకూ తగిలించాలి. ముందు కింద ఎర్త్ కొస బిగించి, తర్వాత కొక్కెం తీగకు వేయాలి. తీసేటప్పుడు తిరగేసి. "ఐదు నిమిషాల పనికి రాడ్డెందుకు" అనే మాట నేను ప్రతి సెక్షన్‌లోనూ విన్నాను. రాడ్డు తగిలించడానికి ఆ ఐదు నిమిషాలు కూడా పట్టదు.

ట్రాన్స్‌ఫార్మర్ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోంది, గట్టు మీద గేదె పడిపోయింది

ఎర్త్ వైరు తెగి ఉండొచ్చు, ఎవరో కోసుకుపోయి ఉండొచ్చు. అవి కంటికి కనిపిస్తాయి. కనిపించనిది ఎండిపోయిన ఎర్త్ పిట్. మన ఎర్రమట్టి గుట్ట నేలల్లో, కింద రాయి తగిలే చోట, మార్చి దాటితే గుంతలో తేమ ఉండదు. తేమ లేకపోతే లీకైన కరెంటు భూమిలోకి పోలేక బాడీలో, స్తంభాన్ని లాగిపట్టే స్టే వైరులో నిలబడిపోతుంది. వానలు పడ్డాక ఎర్త్ రెసిస్టెన్స్ కొలిచి "రీడింగ్ బాగుంది" అని రిజిస్టర్‌లో రాసుకోవడం వల్ల ఉపయోగం లేదు. ఏప్రిల్‌లో కొలవండి. బొగ్గు, ఉప్పు వేసి పిట్ మళ్లీ నింపించండి, వేసవంతా నీళ్లు పోయించండి. న్యూట్రల్‌కు, బాడీకి విడివిడిగా పిట్‌లు ఉండాలి. స్టే వైరుకు కరెంటును ఆపే గుడ్డు ఇన్సులేటర్ ఉందో లేదో కూడా ఆ పనిలోనే చూసుకోండి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అల్యూమినియం తీగ మెలిపెట్టి చుట్టే రైతులు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లను తిట్టి లాభం లేదు. చీనీ (బత్తాయి) చెట్లకు నీళ్లందకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు, మనం ఎప్పుడొస్తామో మాత్రం తెలియదు. సరైన సైజు ఫ్యూజ్ వైరు చుట్ట ట్రాన్స్‌ఫార్మర్ బాక్సులో ఉంచి, లోడ్ ఎక్కువైతే కెపాసిటీ పెంచాలని రాసి పంపడం మన పని. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసిన రైతుకు "ఇన్ని గంటలకు వస్తాం" అని ఒక టైము చెప్పగలిగితే సగం మంది ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోరు.

గ్లవ్స్ ఇచ్చాం, ఎవరూ వేసుకోవట్లేదు

ఏఈల దగ్గర ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది. స్టోర్‌లోకి పోయి చూస్తే అన్నీ ఒకటే సైజు. మే నెలలో లోపల చెమట పట్టి జారుతుంటాయి, నట్టు చేతికి చిక్కదు. ఒకే జత నలుగురు మారుస్తారు, వాసన. ఇన్ని ఉన్నాక వేసుకోలేదంటే ఆశ్చర్యమేముంది? చేతి కొలతలు తీసుకుని సైజుల ప్రకారం తెప్పించండి, మనిషికో జత ఇవ్వండి, లోపల వేసుకోవడానికి పలుచని నూలు గ్లవ్స్, మీద వేసుకోవడానికి తోలువి ఇవ్వండి. గ్లవ్ మీద క్లాస్ రాసి ఉంటుంది. క్లాస్ 0 వెయ్యి వోల్టుల వరకే, 11 కేవీ దగ్గరికి క్లాస్ 2 కావాలి. వేసుకునేముందు మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి గాలిని లోపలే బంధించి, చెంప దగ్గర పెట్టుకుంటే సన్న చిల్లి ఉన్నా తెలుస్తుంది. ఆరు నెలలకోసారి టెస్టింగ్‌కు పంపాలి. అయినా గ్లవ్స్ ఉన్నాయి కదా అని ఎర్త్ చేయకుండా ఎక్కడం మాత్రం కూడదు.

బెల్టు కుట్లు, హెల్మెట్ గడ్డం పట్టీ కూడా చూసుకోండి. మార్చి 4న జాతీయ భద్రతా దినం ఫోటోకు తీసే హెల్మెట్లు మిగతా రోజుల్లో ఎక్కడుంటాయో అందరికీ తెలిసిందే.

ఎండలో పని చేస్తూ మనిషి తేడాగా ఉన్నాడు

కర్నూలు, నంద్యాల, అనంతపురంలో 43, 44 డిగ్రీలు కొత్తేమీ కాదు. స్తంభం మీద నీడ ఉండదు, కాలే ఇనుప క్రాస్ ఆర్మ్ ఒంటికి ఆనుకుని ఉంటుంది. పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వాంతి వచ్చేట్టుండడం, మూత్రం ముదురు రంగులో రావడం మొదటి గుర్తులు. ఆ దశలోనే దించి నీడలో కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ ఇస్తే తేరుకుంటాడు.

అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడడం, తూలడం, మీదికి కోపంగా రావడం చేస్తే అది వడదెబ్బ. తాగొచ్చాడేమో అని అనుమానించి పక్కన పడుకోబెట్టడం వల్ల ప్రాణం పోతుంది. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు బట్టలు వదులు చేసి ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరాలి. చంకల్లో, మెడ మీద తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

రాకుండా చూసుకోవాలంటే దాహం వేసేదాకా ఆగొద్దు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు తాగాలి. ఉప్పేసిన మజ్జిగ, పొద్దున రాగి అంబలి మన ఒంటికి అలవాటైనవే. ముందే వేసుకున్న పనులను ఉదయం 11 లోపు ముగించాలి. కొత్తగా చేరినవాళ్లకు, సెలవు మీద పోయొచ్చినవాళ్లకు ఎండ ఒంటికి పట్టడానికి వారం పది రోజులు పడుతుంది. మొదటిరోజే పూర్తి పని చెప్పొద్దు.

పాతికేళ్ల అనుభవం ఉన్నవాడే పొరపాటు చేస్తున్నాడు

వేసవిలో ఏం జరుగుతుందో ఒకసారి వరుసగా పెట్టి చూడండి. పగలంతా మెయింటెనెన్స్. సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు, కొమ్మలు విరిగి లైన్ల మీద పడతాయి. రాత్రంతా బ్రేక్‌డౌన్లు. తెల్లవారుజామున ఇంటికి పోతే ఫోన్ మోగుతుంది: "ఏమన్నా, కరెంటు ఎప్పుడిస్తారప్పా?" వ్యవసాయానికి ఇచ్చే 9 గంటల్లో గంట పోయినా అవతలివాడికి నష్టమే, వాడి కోపంలో తప్పులేదు. కానీ ఆ ఫోన్ రావాల్సింది స్తంభం మీదున్నవాడికి కాదు.

నిద్ర లేని మనిషి పని మరిచిపోడు, మధ్యలో ఒక మెట్టు వదిలేస్తాడు. బ్లేడు చూడకుండా రాడ్డు వేస్తాడు, లేదా రాడ్డు వేయకుండా ఎక్కుతాడు. అందుకే చేయాల్సింది సెక్షన్ స్థాయిలో ఉంది. రాత్రి పని చేసినవాణ్ని మర్నాడు ఉదయం స్తంభం ఎక్కించొద్దు, కింద పని ఇవ్వండి. ఎక్కినవాడి ఫోన్ కింద హెల్పర్ దగ్గర ఉండాలి. ఊరివాళ్లకు జవాబు చెప్పే బాధ్యత ఆ రోజుకు ఒకరికే ఇవ్వండి. ఒంటరిగా ఎవరినీ లైను మీదికి పంపొద్దు. "నాకు ఇక్కడ తేడాగా ఉంది, ఎక్కను" అన్నవాణ్ని పిరికివాడని నవ్వే లైన్ ఇన్‌స్పెక్టర్ ఉంటే ముందు ఆయనకు చెప్పాలి.

తోటివాడి ప్రమాదం కళ్లారా చూసినవాళ్లు చాలామంది బయటికి చెప్పరు. నిద్రలో ఉలిక్కిపడడం, మందు ఎక్కువ కావడం, చిన్నదానికే టెన్షన్ పడడం ఉంటే పలకరించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ పడదు.

నడుము, మోకాళ్ల నొప్పులకు పెద్ద రహస్యమేం లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను, కండక్టర్ చుట్టను మనుషులతో లాగించకుండా చైన్ పుల్లీ, ట్రాలీ వాడితే సగం తగ్గుతాయి. సబ్‌స్టేషన్ యార్డులో గడ్డి కొట్టించి, కేబుల్ ట్రెంచ్ మూతలు సరిచేసి, రాత్రి టార్చ్, గమ్‌బూట్లు ఉంటే పాము, తేలు బెడద కూడా తగ్గుతుంది. కరిస్తే కట్టు గట్టిగా కట్టడం, కోయడం వద్దు, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రమాదం జరిగిపోయింది, మొదటి పది నిమిషాలు

ఎల్‌టీ అయితే మెయిన్ ఆపాలి, కుదరకపోతే ఎండు కర్రతో తీగను తప్పించాలి. 11 కేవీ దగ్గర కర్ర ఏమాత్రం కాపాడదు. సబ్‌స్టేషన్ నుంచి ఆగిందని ఖాయమయ్యేదాకా దగ్గరికి పోవద్దు. తెగిపడిన తీగకు పది మీటర్ల దూరంలో ఉండాలి. అప్పటికే దగ్గరుంటే పాదాలు రెండూ కలిపి, నేలమీంచి ఎత్తకుండా జరుపుకుంటూ బయటికి రావాలి.

స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్. ఛాతీ మధ్యలో, 5 సెంటీమీటర్లకు పైగా లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 108 వచ్చేదాకా మనుషులు మారుతూ చేయాలి. లేచి కూర్చుని "బాగానే ఉన్నా" అన్నా సరే ఆసుపత్రికి తీసుకుపోయి ఈసీజీ తీయించాల్సిందే, గుండె లయ తర్వాత కూడా తప్పొచ్చు. పైకి చిన్న మచ్చలా ఉన్న కాలిన గాయం లోపల కండ దాకా పోయి ఉంటుంది. పేస్టు, ఇంకు లాంటివి పూయొద్దు.

విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ ప్రకారం ప్రమాదాన్ని తెలియజేయాలి. ప్రాణం పోతే తెలిసిన 24 గంటల్లో, గాయమైతే 48 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు సమాచారం అందాలి. ఎల్‌సీ పుస్తకంలో ఆ పేజీ, సబ్‌స్టేషన్ లాగ్, తెగిన తీగ, గ్లవ్స్ ఎలా ఉన్నవి అలాగే ఉంచి ఫోటోలు తీయండి. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాడైనా పనిలో గాయపడితే పరిహారం అతని హక్కు. "మన ఉద్యోగి కాదు" అంటూ హాజరు పట్టీలో పేరు మాయమయ్యే లోపే దాని కాపీ, ఆ రోజు పని చెప్పిన మెసేజీ కుటుంబం చేతిలో పెట్టండి.