వేసవి గాలుల్లో నిప్పు ప్రమాదాన్ని ముందే అంచనా వేయడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనకు భయం. ఆ కార్తె వచ్చేది మే నెలాఖరులో. కొండపల్లి అడవిలోనో, కొండవీడు కొండల మీదో గడ్డి అంటుకోవడానికి అంత ఎండ అక్కరలేదు. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక సరైన వాన పడదు, ఆకు రాలుతుంది, మార్చి నాటికే నేలంతా ఎండిపోయి ఉంటుంది. ఇక కావలసింది ఒక నిప్పురవ్వ, దానికి తోడు గాలి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మిరప కల్లం ఉన్నవారు, పొలంలో మోళ్లు తగలబెట్టేవారు, కొండవాలు ఇళ్లలో ఉండేవారు వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత కంటే ముందు మూడు విషయాలు చూడాలి: గాలి వేగం, గాలి దిశ, తేమ.

1. సూచనను మీ మండలం దాకా దించండి

అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్‌లో ‘దక్షిణ కోస్తా’ అన్న మాట చదివి ఆగిపోవద్దు. సముద్రం పక్కనున్న రేపల్లె, రాళ్లు కాలిపోయే మాచర్ల రెండూ ఆ మాట కిందికే వస్తాయి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో ఏ మండలంలో వడగాలులు, ఏ మండలంలో తీవ్ర వడగాలులు అన్నది విడిగా ప్రకటిస్తుంది. దాన్ని చూడండి. ఫోనులో వాతావరణ శాఖ ‘మౌసమ్’, రైతులకు ‘మేఘదూత్’, పిడుగులకు ‘దామిని’ ఉంటే చాలు. మేఘదూత్‌లో జిల్లావారీ వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారాల్లో మారుతుంటాయి.

రంగులు తెలిసినవే: పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే పనిలోకి దిగమని. అయితే వడగాలి హెచ్చరిక ఇచ్చేది ఉష్ణోగ్రతను బట్టి. అందుకే ఏ హెచ్చరికా లేని ఆకుపచ్చ రంగు ఉన్న రోజున కూడా నిప్పు ప్రమాదం ఉండవచ్చు. ఈ లోటును మనమే పూడ్చుకోవాలి.

2. సాయంత్రపు తేమను చూడండి

నగరాల వాతావరణ పట్టికలో తేమ రెండుసార్లు కనిపిస్తుంది: ఉదయం 8.30కి, సాయంత్రం 5.30కి. ఉదయం అంకె చూసి మోసపోకండి. అప్పుడు 70 శాతం ఉన్న చోటే మధ్యాహ్నానికి గడ్డి పరకలు చేతిలో పొడి అయిపోతాయి. అడవి మంటలు ఎక్కువగా ఉండే దేశాల్లో సిబ్బంది చెప్పుకునే ఒక మోటు లెక్క ఉంది: ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి, తేమ 30 శాతం లోపు ఉండి, గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటితే మంటను ఆపడం కష్టం. మనకు ఉష్ణోగ్రత మార్చి నుంచి రోజూ 30 డిగ్రీలు దాటుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేసి మిగిలిన రెండూ చూసుకుంటే సరిపోతుంది.

3. గాలిని కంటితో కొలవండి

ఫోనులో కనిపించే వేగం చాలావరకు సగటు. గాలి ఒక్కసారి విసురుగా వచ్చినప్పటి వేగం వేరే గీతలోనో, వేరే అంకెలోనో ఉంటుంది. నిప్పు విషయంలో పనికొచ్చేది అదే. ఫోను లేకపోయినా ఫరవాలేదు. ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్ము, కాగితాలు పైకి లేస్తే 20 నుంచి 28. చిన్న చెట్లు ఊగుతుంటే 29 నుంచి 38. కరెంటు తీగలు ఈల వేస్తుంటే 40 చేరినట్టే. దుమ్ము లేచే రోజున ఆరుబయట నిప్పు పెట్టకూడదన్నది నా గీత. కొందరు ఇంకా పై గీత పెట్టుకుంటారు, నాకది నచ్చదు.

4. గాలి ఎప్పుడు తిరుగుతుందో కనుక్కోండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి. మంట తూర్పుకు నడుస్తుంది. మన దగ్గర పగటిపూట తెలంగాణ వైపు నుంచి పొడిగాలి వీచి, సాయంత్రానికి బాపట్ల, మచిలీపట్నం వైపు నుంచి, అంటే దక్షిణం, ఆగ్నేయం నుంచి, సముద్రపు గాలి లోపలికి వచ్చే రోజులు చాలా ఉంటాయి. ఒళ్లు చల్లబడిందని మనం సంతోషిస్తాం. కానీ అప్పటిదాకా సన్నగా తూర్పుకు పాకిన మంటకు ఉత్తరపు అంచంతా ఒక్కసారిగా ముందు వరుస అవుతుంది. తూర్పు గట్టు మీద కాపలా ఉన్నవారికి మంట ఉత్తరపు గట్టు దాటాకగాని తెలియదు.

రెండో మలుపు ఈదురుగాలి. ద్రోణి ప్రభావంతో ఉరుములు, మెరుపులతో జల్లులు పడతాయని, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయని బులెటిన్‌లో వస్తే, చాలామందికి చెవిన పడేది ‘జల్లులు’ ఒక్కటే. వాన వస్తుంది కదా, మోళ్లకు నిప్పు పెడితే అదే ఆరిపోతుందని లెక్క వేస్తారు. మబ్బు కింద వాన చినుకులు ఆవిరై గాలిని చల్లబరుస్తాయి, ఆ బరువైన గాలి కిందికి పడి, గచ్చు మీద కుమ్మరించిన నీళ్లలా నాలుగు వైపులా పరుచుకుంటుంది. వాన పడే చోటికి కిలోమీటర్ల దూరం దాకా గాలి ముందే వస్తుంది, వాన ఒక్కోసారి రానే రాదు. మధ్యాహ్నం ఆరిపోయిందనుకున్న బూడిద ఆ విసురుకు మళ్లీ రగులుతుంది.

5. గాలి రాకముందు చేయవలసిన పనులు

గడ్డివాము కరెంటు తీగల కింద ఉంటే మార్చేయండి. వేడికి తీగలు సాగి కిందికి జారతాయి, గాలికి ఒకదానికొకటి తగిలి నిప్పులు రాలుస్తాయి. జారిన తీగల గురించి 1912కు ఫోను చేసి చెప్పండి. వాము చుట్టూ రెండు మూడు మీటర్ల మేర గడ్డి లేకుండా రోటావేటర్‌తో దున్నిస్తే మంచిది. పత్తి కట్టె, మొక్కజొన్న మోళ్లు తగలబెట్టే బదులు ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి నేలలో కలపండి. ఖర్చు నిజమే, పక్క రైతు కల్లం అంటుకుంటే అయ్యే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

మిరప కల్లంలో కూలీలు వండుకునే పొయ్యిని కాయకు దూరంగా, గాలి కాయ వైపు నుంచి పొయ్యి వైపు వీచేలా పెట్టించండి. వంట అయ్యాక నీళ్లు పోయించండి. కాయ మీద కప్పే పట్టాల అంచులకు ఇసుక బస్తాలు వేయండి. కాలే మిరప పొగలో మనిషి నిలబడలేడు, కాబట్టి ఆర్పడం మీద కంటే అంటుకోకుండా చూడడం మీదే ఆశ పెట్టుకోవాలి.

విజయవాడలో కొండవాలు మెట్ల దారుల్లోకి ఫైరింజను ఎక్కలేదు. అక్కడ ఇంటి పైవాలు కంటే కిందివాలులో ఉన్న ఎండుగడ్డినే ముందు కోయించాలి, ఎందుకంటే మంట వాలు ఎక్కేటప్పుడు వేగం పుంజుకుంటుంది. ఖాళీ స్థలంలో రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టే పని కూడా ఈ నెలల్లో మానుకోవాలి.

అడవి పక్క ఊళ్లవారు డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే, ఉపగ్రహం పసిగట్టిన మంటల సమాచారం ఫోనుకు వస్తుంది. ఉపగ్రహం రోజంతా మన నెత్తిన ఉండదు కనుక దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

6. మంట కనబడితే

101కు గానీ 112కు గానీ ఫోను చేయండి. ఊరు, మండలం, దగ్గరి గుర్తు, ఏం కాలుతోంది, గాలి ఎటు వీస్తోంది, ఈ అయిదూ ఒకే మాటలో చెప్పగలగాలి. కొండ మీద ఉంటే మంటకు పైవైపు ఉండకండి. పక్కకు జరిగి దిగండి. వేరే దారి లేకపోతే ఇప్పటికే కాలి నల్లబడి చల్లారిన నేల మీదికి వెళ్లండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి ఒంటికి అంటుకుంటాయి, నూలు బట్టలే వేసుకోండి. తెగిపడిన తీగకు దూరంగా ఉండండి.

ఆరాక బూడిదను కర్రతో తిరగేసి నీళ్లు పోయండి, అరచేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి సెగ ఉందేమో చూడండి. సాయంత్రం గాలి తిరిగేదాకా ఒకరిని అక్కడే కాపలా ఉంచి, మర్నాడు గాలి లేవకముందే ఇంకోసారి చూసి రండి.