ఒకే ద్రాక్షను పండించే దేశాలు దానికి ఉమ్మడిగా ప్రచారం చేయడం ఎలా

వేర్వేరు దేశాల్లోని వైన్ ప్రాంతాలు ఒకే ద్రాక్ష రకానికి కలిసి ప్రచారం చేయదలచినప్పుడు, ఖర్చుల గురించి మాట్లాడుకోవడానికి ముందే, తమ తోటల్లో ఉన్నది నిజంగా ఒకే తీగా కాదా అన్నది జన్యు పరీక్షతో తేల్చుకోవాలి. కాలిఫోర్నియాలోని జిన్‌ఫాండెల్, ఇటలీలోని ప్రిమిటివో ఒకటేనని ముందే తెలిసినా, క్రొయేషియా తీరంలో పెరిగే ఒక పాత రకం కూడా అదేనని కాలిఫోర్నియా ద్రాక్ష జన్యు శాస్త్రవేత్త క్యారోల్ మెరెడిత్, క్రొయేషియాలోని జాగ్రెబ్ శాస్త్రవేత్తల పరిశోధనలో 2001లో గానీ తేలలేదు. పరీక్ష లేకుండా కట్టిన బంధుత్వాన్ని తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే ప్రచారమంతా నమ్మకం కోల్పోతుంది.

తర్వాత పేరు తేల్చుకోవాలి. ఆస్ట్రియాలో బ్లౌఫ్రాంకిష్ అనే రకాన్ని హంగరీలో కేక్‌ఫ్రాంకోష్ అని, జర్మనీలో లెంబర్గర్ అని పిలుస్తారు. ఉమ్మడి కరపత్రాల్లో, సభల్లో అందరూ ఒకే పేరు వాడుతూ, సీసాల మీద మాత్రం ఎవరి పేరు వారు ఉంచుకోవడమే మేలు. తరతరాలుగా వాడుతున్న పేరును వదులుకోమంటే ఏ రైతూ ఒప్పుకోడు, అలా అడగడం న్యాయమూ కాదు. ఎంచుకునే పేరు ఏ ప్రాంతపు చట్టబద్ధమైన హక్కు కిందికీ రాకుండా చూసుకోవాలి. అంతవరకు ద్రాక్ష పేరుగా ఉన్న ప్రొసెక్కోను ఇటలీ 2009లో ప్రాంతపు పేరుగా స్థిరపరచి, ద్రాక్షను గ్లేరా అని పిలవడం మొదలుపెట్టిన తర్వాత, ఆ పేరు విషయమై ఆస్ట్రేలియా రైతులతో ఏళ్ల తరబడి వివాదం నడిచింది.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది సమానత్వం మీద. ఫ్రాన్స్‌లోని కాఓర్ ప్రాంతం మాల్బెక్ అనే ఎర్ర వైన్ ద్రాక్షకు పాత ఊరు. అక్కడి వైన్‌లో ఆ రకం కనీసం 70 శాతం ఉండాలన్నది నియమం. సాగు విస్తీర్ణంలో మాత్రం అర్జెంటీనా ఎన్నో రెట్లు పెద్దది. ఇలాంటి జంటలో డబ్బు విస్తీర్ణాన్ని బట్టి పెట్టినా, ఓటు మాత్రం ప్రాంతానికి ఒకటి చొప్పున ఉండాలని నా గట్టి అభిప్రాయం. లేకపోతే చిన్న ప్రాంతం పెద్దదానికి అలంకారంగా మిగులుతుంది.

రుచి చూపించే సభల్లో ఒకే సంవత్సరపు పంట, దగ్గరి ధర ఉన్న వైన్‌లను పక్కపక్కన పోసి, అర్జెంటీనాలోని ఎత్తైన మెండోసా తోటల మాల్బెక్‌కూ కాఓర్ మాల్బెక్‌కూ తేడా ఎక్కడ నుంచి వస్తుందో, నేల, ఎత్తు, వాన, పీపాల వాడకం ఒక్కొక్కటిగా వివరించాలి. మార్కులు, బహుమతులు వద్దు: గెలుపోటములు వచ్చిన మరుక్షణం భాగస్వాములు పోటీదారులవుతారు. ఆ పోలికను కళ్లకు కట్టినట్టు చెప్పగలిగితే, తాగేవారికి రెండు ప్రాంతాలూ గుర్తుండిపోతాయి.

నిధుల విషయానికి వస్తే, ఐరోపా సమాఖ్యలోని కనీసం రెండు సభ్య దేశాల సంఘాలు కలిసి ప్రతిపాదన పెడితే, వ్యవసాయ ఉత్పత్తుల ప్రచారానికి సంబంధించిన 1144/2014 నిబంధన కింద సాధారణంగా ఖర్చులో 80 శాతం వరకు సాయం అందుతుంది. మిన్యో నదికి రెండు వైపులా అల్బరీన్యో అనే తెల్ల ద్రాక్షను పండించే స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలకు ఈ దారి అందుబాటులో ఉంది. అర్జెంటీనా వంటి బయటి దేశాల సంఘాలు తమ వాటాను వేరే సమకూర్చుకోవాలి. ఫ్రాన్స్‌లో 1991 నాటి చట్టం మద్యం ప్రకటనలలో ఏం చూపవచ్చో కఠినంగా నిర్దేశిస్తుంది కాబట్టి, బొమ్మలు, నినాదాలు అత్యంత కఠినమైన చట్టానికి తగ్గట్టు తయారుచేసుకుంటే ప్రతి దేశానికీ మార్చుకునే పని తప్పుతుంది.

ఏటా ఒక రోజును ద్రాక్షకు కేటాయించడం ఫలిస్తుంది, అయితే ఆ తేదీ వెనుక కారణం ఉండాలి. 1853లో మెండోసా వ్యవసాయ పాఠశాల ప్రతిపాదనను గుర్తుచేసే ఏప్రిల్ 17ను అర్జెంటీనా వైన్ సంఘం 2011 నుంచి మాల్బెక్ దినంగా జరుపుతోంది. ఇక ఒప్పందంలో, ఏదైనా ప్రాంతం మధ్యలో తప్పుకుంటే ఉమ్మడి చిత్రాలు, పేరు, మిగిలిన నిధి ఎవరికి చెందుతాయో మొదటి రోజే రాసుకోవాలి.