నేవీ డెక్ కొలువుకు సంతకం పెట్టేముందు

దేవరకొండ, మిర్యాలగూడ దిక్కు పిలగాళ్లు ఫోన్ల విమానాలు దిగే యుద్ధనౌక విక్రాంత్ వీడియోలు చూసి అగ్నివీర్ ఫారం నింపుతున్నరు. నింపండి, కానీ ముందుగాల ఇవి చూసుకోండి.

• డెక్ (విమానాలు ఎగిరి దిగే ఓడ పైభాగం) పనే ఇస్తరని ఎవరూ మాట ఇయ్యలేరు. ఒడిశాలోని చిల్కాలో శిక్షణ, ఆ తర్వాత ఏ బ్రాంచో నేవీదే నిర్ణయం. ఇప్పిస్తనన్న దళారిని గడప తొక్కనియ్యకండి.

• విక్రాంత్ పొడవు 262 మీటర్లు. దిగే జెట్ తోక కొక్కెం అడ్డంగా కట్టిన ఇనుప తీగను పట్టుకుంటది. ఆ తీగ తెగి కొరడా లెక్క తిరిగిందంటే కాళ్లుండవు. ఇంజన్ ముందు నిలబడితే లోపలికి గుంజుతది, వెనుక నిలబడితే ఊది పడేస్తది. చెవులు మూసుకునే పని, మాటలన్నీ సైగలే. ఎవరిది ఏ పనో జాకెట్ రంగే చెప్తది. అందుకే రంగులు గుర్తుపట్టే చూపుందో లేదో ఇక్కడే పరీక్ష చేయించుకోండి.

• చెవుల గులిమి, పళ్ల గార మెడికల్‌కు ముందే తీయించాలె. ఫ్లోరైడ్ నీళ్ల ఊరోళ్లయితే మోకాళ్లు కూడా చూపించుకుంటే నయం.

• ఈత నేర్వండి. సాగర్ కాల్వల మాత్రం వద్దు.

• నాలుగేండ్ల కొలువు. 25 శాతం దాకానే ఉంచుకుంటరు. మిగతావాళ్లకు సేవా నిధి (ఒక్కసారే ఇచ్చే సొమ్ము) వస్తది, పింఛన్ రాదు. ఇది ఇంట్ల అమ్మకు ఇప్పుడే చెప్పండి.