కాలిన ఆయిల్‌తో చుక్కల పొయ్యి: షెడ్డుకు చలి మంట చేసుకోవడం, మొరాయిస్తే చూసుకోవాల్సినవి

వరంగల్‌లో హీటర్ ఎందుకు, ఏప్రిల్ వస్తే షెడ్డు రేకే పెద్ద హీటర్ కదా అని నవ్వేవాళ్ళు ఉంటారు. జనవరిలో ములుగు రోడ్డు మీద అర్ధరాత్రి లారీ కింద పడుకుని గేర్‌బాక్సు దించే మెకానిక్‌ను అడగండి, పానా పట్టుకుంటే చేయి ఎట్లా కొంకర్లు పోతుందో చెప్తాడు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు అయితే చలికాలంలో పది డిగ్రీల కిందికి పోవడం మామూలే. మేడారం జాతర ముందు బండ్లు వరుస కట్టినప్పుడు రాత్రి పని ఎట్లాగూ తప్పదు.

ముందే ఒక మాట. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను కాగిన గిన్నెలో చుక్క చుక్కగా వేసి మండించేదే ఈ చుక్కల పొయ్యి. ఇది ముందువైపు పూర్తిగా తెరిచి ఉండే రేకుల షెడ్డుకు మాత్రమే. ఇంట్లోకి, మనుషులు పడుకునే గదిలోకి వద్దే వద్దు, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కోళ్ళ ఫారంలో కోడిపిల్లలకు వేడి కోసం పెడదామనే ఆలోచన కూడా మానుకోండి, నేలంతా వరి ఊక పరిచిన చోట నూనె మంటా? ఇంకోటి, వాడేసిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. డ్రమ్ములకు డ్రమ్ములు వచ్చే షెడ్లు అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. చిన్న షెడ్డు అయినా సరే, కాల్చే ముందు కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళను అడగండి. ఇళ్ళ మధ్యలో ఉంటే అసలు ఈ పని పెట్టుకోకండి.

ఇక సామాను. పొయ్యి ఒంటికి 10 లేదా 12 అంగుళాల వెడల్పు ఇనుప పైపు ముక్క, మందం 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా, ఎత్తు రెండున్నర అడుగులు. పాత సామాను దుకాణంలో దొరుకుతుంది. 200 లీటర్ల డ్రమ్ము చౌకే కానీ దాని రేకు పల్చన, ఎర్రగా కాలి తొందరగా తూట్లు పడుతుంది. పైగా అందులో ఇంతకుముందు ఏం పోశారో తెలియకుండా గ్రైండర్ పెడితే పేలొచ్చు. పాత గ్యాస్ సిలిండర్ కోద్దామంటారు కొందరు. అది కంపెనీ సొత్తు, కోయడం నేరం, ప్రాణాపాయం కూడా. పొయ్యి అడుగున ఆయిల్ మండే గిన్నెకు లారీ బ్రేక్ డ్రమ్మును మించింది లేదు, నడిమి రంధ్రానికి ప్లేటు పెట్టి చుట్టూ సందు లేకుండా వెల్డింగ్ చేయించండి. మందపాటి ఇనుప కడాయి అయినా నడుస్తుంది. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు, 660 డిగ్రీలకే కరుగుతుంది. వేడి తగిలే చోట జీఐ పైపు కూడా వద్దు, జింకు పూత కాలి వచ్చే పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

పొయ్యి మూత నడిమధ్య నుంచి 3 అంగుళాల పైపు ఒకటి కిందికి దిగాలి. దాని కింది కొస గిన్నె అడుగుకు ఒక అంగుళం పైన ఆగాలి, కింది ఆరు అంగుళాల మేర 8 మిల్లీమీటర్ల రంధ్రాలు ఓ నలభై వేయించండి. గాలి ఈ పైపులోంచే వస్తుంది. ఆయిల్ వచ్చే పావు అంగుళం రాగి గొట్టం కూడా ఇందులోనే దిగుతుంది, కానీ దాని కొస పై వరుస రంధ్రాల కంటే పైనే ఆగాలి. అప్పుడే చుక్క నేరుగా గిన్నెలో పడుతుంది, గొట్టం చల్లగాలిలో ఉంటుంది కాబట్టి కొస తొందరగా మాడదు. గాలి పైపు నెత్తిన, గాలి సర్దుకోవడానికి అటూ ఇటూ జరిగే రేకు ముక్క పెట్టండి. మూత అంచుకు రైస్ మిల్లు బాయిలర్ తలుపులకు వాడే గ్లాస్ ఫైబర్ తాడు చుడితే పొగ లీకు కాదు.

పొగ గొట్టం దగ్గర అందరూ పిసినారితనం చేస్తారు. వెల్డింగ్‌కు వేలు పోసి, గొట్టం మాత్రం నాలుగు అడుగులు పెట్టి వదిలేస్తారు. 5 లేదా 6 అంగుళాల గొట్టం, పొయ్యి పైనుంచి కనీసం 12 అడుగులు, షెడ్డు కప్పు ఎత్తైన చోటు కంటే రెండు మూడు అడుగులు పైకి, వీలైతే వంపు లేకుండా. ఈ పొయ్యికి ఫ్యాను లేదు, గాలిని లాగేది ఆ గొట్టమే. అది సరిగ్గా లేకపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా నల్లపొగే.

ఆయిల్ కోసం 15 కిలోల నూనె రేకు డబ్బా చాలు, పొయ్యికి ఆరడుగుల దూరంలో తల ఎత్తున స్టాండు మీద పెట్టండి. అడుగు నుంచి మూడు అంగుళాలు పైన ఆయిల్ గొట్టం, అట్టడుగున నీళ్ళు వదిలే కుళాయి. డబ్బా దగ్గర పూర్తిగా మూసే వాల్వు ఒకటి, చుక్కలు సర్దడానికి నీడిల్ వాల్వు ఇంకోటి. సెలైన్ సెట్టు చక్రం వాడేవాళ్ళను చూశాను, ప్లాస్టిక్ వేడికి కరిగితే ఆపేది ఎవరు? వాల్వు నుంచి చుక్క ఒక ఇనుప గరాటులో కంటికి కనపడేలా పడాలి, అక్కడి నుంచి గొట్టం పొయ్యిలోకి వాలుగా పోవాలి.

ఆయిల్‌ను వారమైనా కదపకుండా ఉంచి, పైదాన్ని నూలు బట్టలో వడకట్టండి. పెట్రోల్, థిన్నర్, బ్రేక్ క్లీనర్ కలిసిన ఆయిల్, పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ముట్టుకోవద్దు.

వెలిగించేటప్పుడు గిన్నెలో చిన్న గ్లాసుడు డీజిల్, కాస్త కాటన్ వేస్ట్ వేసి అంటించండి. పది పదిహేను నిమిషాలు ఊరికే మండనివ్వండి. ఇంజిన్ ఆయిల్ ఆవిరై అంటుకోవాలంటే గిన్నె 200 డిగ్రీలు దాటాలి. ఆ తర్వాతే చుక్క మొదలు. కొలత కోసం దగ్గు మందు సీసా మీద ఉండే 10 మిల్లీలీటర్ల మూతను గరాటు దగ్గర చుక్కల కింద పట్టండి. మొదట్లో రెండు నిమిషాలకు నిండాలి. పొయ్యి బాగా కాగాక నిమిషానికి నిండేలా పెంచొచ్చు, అంటే గంటకు 600 మిల్లీలీటర్లు, ఇంచుమించు మూడు 2 కిలోవాట్ల గీజర్లు ఒకేసారి నడిచినంత వేడి. అంతకంటే ఆశపడకండి.

నల్లపొగ వస్తే ముందు చుక్క తగ్గించండి, తర్వాత గాలి రేకు తెరవండి. అయినా తగ్గకపోతే పొగ గొట్టంలో మసి పేరుకుందేమో చూడాలి. తెల్లపొగ, ఘాటు వాసన అంటే గిన్నె చల్లబడింది, ఆయిల్ మండకుండా ఆవిరైపోతోంది. ఇది నల్లపొగ కంటే ప్రమాదం. మంట ఆరిపోయి తెల్లపొగ లేస్తుంటే ఆయిల్ కట్టేసి గిన్నె చేత్తో ముట్టుకునేంత చల్లారే దాకా ఆగండి. తొందరపడి అగ్గిపుల్ల వేస్తే లోపలున్న ఆవిరంతా ఒక్కసారి అంటుకుని మూత ఎగిరి మొహానికి కొడుతుంది. టప్ టప్ అని పేలుతూ చిందుతుంటే ఆయిల్‌లో నీళ్ళున్నాయి, డబ్బా అడుగు కుళాయి విప్పి నీళ్ళు వదలండి. దుబ్ దుబ్ అని ఊగిసలాడే శబ్దం వస్తే గాలి రేకు కొద్దికొద్దిగా జరుపుతూ ఆగే చోటు పట్టుకోవాలి.

పొద్దుగాల చుక్క ఆగిపోతోందంటే చలికి ఆయిల్ చిక్కబడింది, లేదా గొట్టం కొసకు బొగ్గు పట్టింది. రోజూ వెలిగించే ముందు తీగతో ఒకసారి పొడవండి. దీనికి రివర్సు సంగతి చాలామందికి తట్టదు. షెడ్డు వేడెక్కాక ఆయిల్ పల్చబడి, మీరు వాల్వు ముట్టుకోకపోయినా చుక్కలు ధారగా మారతాయి. అందుకే మొదటి గంట మందు సీసా మూత పట్టి మళ్ళీ మళ్ళీ కొలవాలి, పొయ్యిని వదిలి చాయ్‌కి పోవద్దు. పొయ్యి ఒళ్ళు ఎర్రబడిందంటే డబ్బా దగ్గరి వాల్వు కట్టేసి దూరం జరగండి, పొయ్యి మూత తెరవద్దు, గిన్నెలోది కాలిపోనివ్వండి. నీళ్ళు మాత్రం పోయొద్దు, మండే నూనె మీద నీళ్ళు పడితే మంట కప్పు దాకా లేస్తుంది. ఇసుక బకెట్లు రెండు, మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఒకటి చేతికందేలా ఉండాలి. టైర్లు, పెయింట్ డబ్బాలు, ఛార్జింగ్‌కు పెట్టిన బ్యాటరీలు దరిదాపుల్లో ఉండొద్దు.

గిన్నెలో మిగిలే బూడిదలో జింకు, సీసం లాంటివి ఉంటాయి. చల్లారాక గీకి మూత ఉన్న డబ్బాలో వేసి, మిగిలిన పాత ఆయిల్‌తో పాటు రీసైక్లర్‌కే ఇవ్వండి, చేనులో, బావి దగ్గర పారేయొద్దు. చలికాలం అయిపోగానే పొగ గొట్టం నెత్తిన రేకు డబ్బా బోర్లించండి. లేదంటే వానలకు గిన్నెలో నీళ్ళు నిలిచి, వచ్చే డిసెంబర్‌లో మొదటిసారి వెలిగించినప్పుడు చిందులాట మళ్ళీ మొదలవుతుంది.